బ్యాటరీ వేడి లెక్కలకు కెమిస్ట్రీ ఎంత రావాలి?

ప్రశ్న: మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. లిథియం అయాన్ బ్యాటరీల్లో పుట్టే వేడిని మోడల్ చేసే ఉద్యోగం చేయాలని ఉంది. కెమిస్ట్రీ అంటే మాత్రం టెన్షన్. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ కోర్సు ఒకటి చేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. కోర్సు చేయండి, కానీ దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. వేడి ఎటు పోతుందో సాఫ్ట్‌వేర్ చెబుతుంది. సెల్‌లో ఎంత పుడుతుందో చాలాసార్లు మనమే ఇవ్వాలి. ఆ అంకె తప్పితే తర్వాత వచ్చే రంగుల బొమ్మలన్నీ తప్పే. ఇంటర్వ్యూలో నేనైతే మొదట దాని గురించే అడుగుతాను.

కాగితం మీద మొదలుపెట్టండి. 45 గ్రాముల సెల్, అంతర్గత నిరోధం 30 మిల్లీఓమ్‌లు, గంటసేపు 3 ఆంపియర్లు తీశారనుకుందాం. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 0.27 వాట్లు. గ్రాము సెల్‌ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక జౌల్ కావాలనుకుంటే, వేడి బయటికి పోని పక్షంలో గంటలో 21.6 డిగ్రీలు పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వాట్లు నాలుగింతలు.

ఇది తొలి అంచనా మాత్రమే. చలిలో నిరోధం బాగా పెరుగుతుంది, ఛార్జ్ స్థాయిని బట్టీ మారుతుంది. పైగా నిరోధంతో సంబంధం లేని వేడి ఇంకొకటి ఉంది. ఎలక్ట్రోడ్లలోకి లిథియం చేరేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు ఎంట్రోపీ (కణాల అమరికలోని క్రమరాహిత్యం) మారడం వల్ల వచ్చేది అది. కొన్ని సెల్స్‌లో, నెమ్మదిగా ఛార్జ్ చేస్తే, కొంతసేపు సెల్ చల్లబడుతుంది కూడా! నిరోధం లెక్క ఒక్కటే తెలిసినవారికి ఇది అంతుపట్టదు. బెర్నార్డీ, పావ్లికోవ్‌స్కీ, న్యూమన్ 1985లో ప్రచురించిన శక్తి సమీకరణంలో ఈ రెండు రకాల వేడీ ఉన్నాయి. ఈ రంగంలో ఇప్పటికీ వాడుతున్నది ఎక్కువగా దాని సరళ రూపమే.

మీకు ముందుగా కావాల్సిన కెమిస్ట్రీ కూడా ఇంతే: లోడ్ లేనప్పటి వోల్టేజ్ ఉష్ణోగ్రతతో ఎందుకు మారుతుంది? ఎంట్రోపీ వల్ల వచ్చే వేడిని లెక్కకట్టేది ఆ మార్పుతోనే. థర్మోడైనమిక్స్ చదివినవారికి అది కొత్త సబ్జెక్టు కాదు, భయపడకండి.

తర్వాత పైథాన్ నేర్చుకుని, ఉచితంగా దొరికే బ్యాటరీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్ పైబామ్ (PyBaMM)లో ఒక సెల్‌ని నడపండి. కాలేజీ ల్యాబ్‌లో, గైడ్ పర్యవేక్షణలో, సెల్‌కి ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ అంటించి డిశ్చార్జ్ చేయండి. మోడల్ గీత, కొలత గీత ఎక్కడ విడిపోయాయో, ఎందుకో రెండు పేజీల్లో రాసి రెజ్యుమేకి జతచేయండి.