మడమ కదలకూడదు

అమ్మడూ,

మంచు మీద స్కేటింగ్ నేర్చుకుంటానన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఉద్యోగం, ఇల్లు చక్కబెట్టుకుంటూ ఈ వయసులో మళ్లీ ఓనమాలు దిద్దడానికి సిద్ధపడ్డావంటే, మా ఇంటి పిల్లవే అనిపించి పొంగిపోయాను. ఆ వెంటనే, అమ్మ పాత స్కేట్లు ఉన్నాయి కదా, వాటితోనే మొదలుపెడతానన్నావని కూడా చెప్పింది. గుండెల్లో రాయి పడింది. వాటి జోలికి వెళ్లకు. తోలు బూటు వాడేకొద్దీ వేసుకున్నవారి పాదం ఆకారానికి తిరుగుతుంది. పైగా చీలమండ దగ్గర మడతలు పడి విరిగిపోయిన బూటు నీ కాలిని నిలబెట్టలేదు. మొదట్లో రింకులో, అంటే మంచు పరిచి స్కేటింగ్ చేయించే చోట, అద్దెకు ఇచ్చేవి చాలు. మనసు నిలబడిందనుకున్నాక నీ పాదానికి నువ్వే కొనుక్కో.

కొనేటప్పుడు మామూలు బూట్ల నంబరు చెప్పి ఊరుకోకు, పాదం కొలిపించుకో. సాయంత్రం వెళ్లు, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. రెండు పాదాలూ కొలవమను, పెద్దదాని కొలతకు కొను. వెడల్పు కూడా చూడమను. స్కేట్ల నంబరు మామూలు బూట్ల నంబరు కంటే తక్కువ వస్తే కంగారు పడకు. మంచు మీద గెంతులకూ గిరికీలకూ వాడే ఫిగర్ స్కేట్లలో అర నుంచి ఒక నంబరు, మంచు హాకీ ఆడేవాళ్ల హాకీ స్కేట్లలో ఒకటి నుంచి ఒకటిన్నర దాకా తగ్గడం మామూలే. కంపెనీని బట్టి ఇది మారుతుంది. ఎడియా వాళ్లయితే నంబర్లు కాక మిల్లీమీటర్ల లెక్కే వాడతారు.

ఇక అసలు సంగతి. తన చీలమండలు బలహీనమని, అందుకే స్కేటింగ్ మానేశానని మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది. అది నమ్మకు. చిన్నప్పటి నుంచీ దానికి కాలికి ఏదీ బిగుతుగా ఉండకూడదు. స్కేట్లు కొన్నప్పుడూ అంతే, వేళ్లకు గాలాడాలంటూ మామూలు బూట్ల కంటే కూడా ఒక నంబరు పెద్దవి ఎంచుకుంది. మిగిలిన ఖాళీని రెండు జతల మందపాటి మేజోళ్లతో నింపింది. మంచు మీద అడుగు తోసినప్పుడల్లా మడమ బూటులో పైకి లేచేది. దాన్ని ఆపాలని లేసులు లాగి లాగి, పై కొక్కేల దాకా వేళ్లు తెల్లబడేలా బిగించేది. అంత బిగిస్తే మోకాలు వంగదు, నెత్తురు ఆడదు. మేజోళ్లు ఎన్ని వేసినా పాదం చల్లబడి మొద్దుబారిపోతుంది. బూటు అడుగున ఉండే బ్లేడుకు రెండు అంచులు ఉంటాయి, మధ్యలో సన్నని గాడి ఉంటుంది. ఏ అంచు మీద నిలబడ్డామో పాదానికి తెలియాలి. మొద్దుబారిన పాదానికి ఏం తెలుస్తుంది? కాళ్లు లోపలికి వాలిపోయేవి. నేర్పించే మనిషి ఒక చూపు చూసి, ఈ అమ్మాయి చీలమండలు బలహీనం అని తేల్చేశాడు. బూటు వెనక ఒక్క వేలు పెట్టి చూసి ఉంటే తెలిసిపోయేది. ఆ మాట అన్నందుకు నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే. అదేమో ఇంటికి వచ్చి, చీలమండ ముందు భాగంలో లేసులు నొక్కుకుపోయి కందిన గీతలను బొటనవేలితో రాసుకుంటూ, "నా కాళ్లు పనికిరావక్కా" అనేది. ఎంత ఇష్టంగా మొదలుపెట్టిందో తెలుసా! లోపం బూటుది, నింద కాళ్లది.

అందుకే నాకు బిగుతు కంటే వదులంటేనే భయం. లేసులు కట్టకుండా పాదాన్ని ముందుకు జరిపి, వేళ్లు ముందు తగిలాక మోకాళ్లు వంచు. మడమ వెనక పెన్సిల్ దూరేంత సందు ఉంటే చాలు. రెండు వేళ్లు దూరితే ఆ జత తిరిగి ఇచ్చెయ్యి. ఆ తరువాత మడమను నేలకు తాటించి, వెనక్కి పూర్తిగా కూర్చోబెట్టి లేసులు కట్టు. వేళ్ల దగ్గర వదులుగా, పాదం పైభాగం నుంచి చీలమండ మడత దాకా గట్టిగా, పై కొక్కేల దగ్గర మళ్లీ కొంచెం సడలించి. నిటారుగా నిలబడితే వేళ్ల కొసలు తాకీ తాకనట్టు ఉండాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి. వేళ్లు ముడుచుకుంటే చిన్నదని అర్థం. ముని వేళ్ల మీద లేచినా మడమ కదలకూడదు. మేజోళ్లు ఒక్క జతే, అదీ పలచనిది.

దుకాణంలో పావుగంటైనా వేసుకుని ఉండు. మొహమాటపడకు, డబ్బు ఇచ్చేది నువ్వే. వాడేకొద్దీ సాగుతుందిలెండి అంటారు. తోలు మెత్తబడుతుంది, చీలమండ ఎముక తగిలే చోట బూటును లోపలి నుంచి ఉబ్బించవచ్చు, వెడల్పూ కాస్త పెంచవచ్చు. పొడవు మాత్రం సాగదు. ఇప్పటి బూట్లు చాలావాటిని వేడి చేసి పాదానికి అమరేలా మలుస్తారు. ఆ పని దుకాణంలోనే చేయించు, ఇంట్లో ఓవెన్‌తో ప్రయోగాలు వద్దు. గాలిలో రెండు మూడు చుట్లు తిరిగేవారి కోసం చేసిన గట్టి బూట్లు అంటగట్టాలని చూస్తారు. అవి నీ బరువుకు వంగవు, నీ మోకాళ్లనూ వంగనివ్వవు. కొత్త బ్లేడుకు సాన పట్టారో లేదో అడగడం మరిచిపోకు.

ఆడటం అయ్యాక బ్లేడు పొడిగా తుడిచి గుడ్డ తొడుగు వెయ్యి. ప్లాస్టిక్ తొడుగు నడవడానికే, అది వేసి సంచిలో పెడితే తుప్పు పడుతుంది. బూటు లోపలి అట్ట తీసి ఆరబెట్టు.

మొదటి వారాల్లో పాదమంతా ఒకే రకంగా అదిమినట్టు అనిపిస్తే ఓర్చుకో, అది కొత్త బూటు లక్షణం. ఒకే చోట పోటు, తిమ్మిరి, వేళ్లు తెల్లబడటం ఉంటే ఓర్చుకోకు, బూటు తీసుకుని మళ్లీ దుకాణానికి వెళ్లు. మడమ వెనక బొడిపెలాగా లేస్తే మాత్రం అదే తగ్గుతుందిలే అనుకోకుండా ఆ రోజే నాకు ఫోను చెయ్యి. నొప్పి దాచుకోవడంలో నువ్వు అచ్చం మీ అమ్మవే, అది నాకు తెలుసు.

నీ పెద్దమ్మ