డిసెంబర్ కేరళ టూర్‌ని ఏప్రిల్‌కి జరిపితే 38 వేలు మిగులుతాయి

ప్రశ్న: మాది గుంటూరు. మేమిద్దరం, పిల్లలు (11, 7 ఏళ్లు), మా అత్తగారు, మామగారు (64, 68) కలిసి కేరళ చూడాలని చాలా రోజుల కోరిక. పిల్లలకు క్రిస్మస్ సెలవులున్నాయని డిసెంబర్ 24 నుంచి ఐదు రాత్రులకు ప్రైవేట్ టూర్ అడిగాం. మున్నార్ రెండు రాత్రులు, తేక్కడి ఒకటి, అలెప్పీ హౌస్‌బోటు ఒకటి, కొచ్చి ఒకటి. మాకు మాత్రమే ఇన్నోవా, రెండు గదులు. ఏజెన్సీ 1,62,000 చెప్పింది. వడ్డీ లేకుండా 12 నెలల ఈఎంఐ ఇప్పిస్తామంటున్నారు, ప్రాసెసింగ్ ఫీజు 2,000 ప్లస్ జీఎస్టీ. ఈఎంఐ వద్దంటే 8,000 తగ్గిస్తారట. రైలు టికెట్లకు 20,000 విడిగా అనుకున్నాం. చేతిలో 90,000 ఉన్నాయి, నెలకు 15,000 మిగులుతుంది. 7 శాతం వడ్డీకి వేసిన 3 లక్షల ఎఫ్‌డీకి 14 నెలలు నిండాయి, ఇంకో పది నెలలు ఉంది. ఈఎంఐ తీసుకోవాలా, ఎఫ్‌డీ తీసేయాలా, లేక మావారు అంటున్నట్టు గ్రూప్ టూర్‌లో వెళ్లిపోవాలా? కొటేషన్ జత చేస్తున్నాను.

జవాబు: డబ్బు ఎక్కడి నుంచి తేవాలని మీరు మూడు దారులు అడిగారు. కొటేషన్ చూశాక నాకు వేరే ప్రశ్న తట్టింది. అసలు డిసెంబర్ 24నే ఎందుకు? మీ ఖర్చు పెంచుతున్నది కారూ కాదు, హౌస్‌బోటూ కాదు. ఆ తేదీ.

కొటేషన్ రెండో పేజీ చూడండి. డిసెంబర్ 20 నుంచి జనవరి 5 వరకు గదికి రాత్రికి 1,800 పీక్ సీజన్ సర్‌ఛార్జి అని ఉంది. మీవి రెండు గదులు, నాలుగు హోటల్ రాత్రులు, కాబట్టి 14,400. హౌస్‌బోటుకు ఇంకో 6,000. ఈ రెండూ 1,62,000లోనే కలిసి ఉన్నాయి. కలవనిది పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: 24 రాత్రి మున్నార్ హోటల్లో క్రిస్మస్ గాలా డిన్నర్ తప్పనిసరి, పెద్దలకు 1,500, పిల్లలకు 900, హోటల్లోనే నేరుగా కట్టాలి. నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలకు 7,800. మీ మామగారు రాత్రి రెండు ఇడ్లీలు తిని పడుకునే మనిషైనా ఆయన పేరు మీద 1,500 పడుతుంది. అలా ఒక్క తేదీ కోసం 28,200 పోతోంది. అందులో మీరు కొత్తగా చూసేది ఏమీ లేదు.

రైలు సంగతి కూడా ఉంది. డిసెంబర్ చివరి వారం శబరిమలలో మండల పూజ సమయం. నవంబర్ మధ్య నుంచి జనవరి మధ్య మకరవిళక్కు (మకరజ్యోతి) దాకా మన వైపు నుంచి కేరళ వెళ్లే రైళ్లు అయ్యప్ప స్వాములతో కిక్కిరిసి ఉంటాయి. ప్రయాణానికి 60 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. ఆ ఉదయం ఆలస్యమైతే ఆరు బెర్తులు ఒకే పెట్టెలో దొరకడం కష్టం. వెయిటింగ్ లిస్టు తేలకపోతే ఆఖరి నిమిషంలో క్రిస్మస్ ధరలకు విమానం టికెట్లు ఆరు కొనాలి. టూర్ డబ్బు అప్పటికే కట్టేసి ఉంటారు కాబట్టి వెనక్కి తగ్గలేరు. నాకు భయం ఇక్కడే. తేక్కడి పక్కనున్న కుమళి కూడా స్వాముల వాహనాలు వెళ్లే దారే, ఆ వారం రోడ్డు మీద రద్దీ మామూలుగా ఉండదు.

ఇక ఈఎంఐ. 1,62,000ని 12 నెలలకు పంచితే నెలకు 13,500. వడ్డీ లేదనే మాట వినడానికి బాగుంది. కానీ ఈఎంఐ వద్దన్నవాళ్లకు అదే టూర్ 1,54,000కే ఇస్తున్నారు. ఆ 8,000 వడ్డీయే, పేరు మార్చుకుని ధరలో కూర్చుంది. ఫీజు జీఎస్టీతో కలిపి 2,360. మొత్తం 10,360. లక్షన్నర మీద పది వేలంటే ఏడు శాతమే కదా అనిపిస్తుంది. కానీ మీరు అప్పును ప్రతి నెలా తీరుస్తూ పోతారు, ఏడాది పొడవునా లక్షన్నర మీ దగ్గర ఉండదు. ఆ లెక్కన వేస్తే వడ్డీ రేటు ఏడాదికి దాదాపు 12.4 శాతం తేలుతుంది. మరీ దారుణమైన అప్పు కాదు, అలాగని వడ్డీ లేని అప్పూ కాదు. ఎఫ్‌డీ మీద 7 శాతం తీసుకుంటూ విహారయాత్రకు 12 శాతం ఇవ్వడంలో అర్థం లేదు.

ఎఫ్‌డీ మాత్రం తీయకండి. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లున్నారు, ఆ 3 లక్షలే మీ ఆపద నిధి. గడువుకు ముందే తీస్తే చాలా బ్యాంకులు 1 శాతం దాకా కోస్తాయి. 3 లక్షల మీద 14 నెలలకు అదే 3,500. పైగా రెండేళ్ల రేటు ఇవ్వరు, డబ్బు ఉన్న కాలానికి ఉన్న రేటే లెక్కిస్తారు.

పిల్లలు బ్యాగులు కూడా సర్దేశారు, డిసెంబరే వెళ్తామంటారా? అయితే ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి, అంటే ఎఫ్‌డీని తాకట్టు పెట్టి బ్యాంకు దగ్గర తీసుకునే అప్పు. సాధారణంగా ఎఫ్‌డీ రేటుకు 1 శాతం ఎక్కువ వేస్తారు, అంటే మీకు 8 శాతం. డిసెంబర్‌లో వెళ్తే ఈఎంఐ లేని ధర 1,54,000కి గాలా డిన్నర్ 7,800, రైలు 20,000, భోజనాల వంటి పైఖర్చులు 20,000 కలిపి 2,01,800 అవుతుంది. అప్పటికి మీ దగ్గర 1,20,000 ఉంటుందనుకుంటే తక్కువపడేది సుమారు 82,000. నెలకు 15,000 చొప్పున తీర్చేస్తే మొత్తం వడ్డీ సుమారు 1,800. ఏజెన్సీ ఈఎంఐకి అయ్యే 10,360తో పోల్చి చూసుకోండి. ఎఫ్‌డీ చెక్కుచెదరదు.

నేనైతే ఏప్రిల్ చివరి వారానికి జరపమంటాను. బడి మూసిన వెంటనే బయల్దేరండి. సర్‌ఛార్జి 20,400 పోతే టూర్ 1,41,600. ఈఎంఐ లేనందుకు తగ్గే 8,000 తీసేస్తే 1,33,600. గాలా డిన్నర్ ఉండదు. రైలుకు 20,000. కొటేషన్‌లో హోటల్ బ్రేక్‌ఫాస్ట్, హౌస్‌బోటు భోజనాలే ఉన్నాయి. మిగతా పూటల భోజనాలకు, ప్రవేశ టికెట్లకు, జీపుకు ఇంకో 20,000 పక్కన పెట్టండి. మొత్తం 1,73,600. ఈ నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆరు నెలలు 15,000 చొప్పున దాస్తే చేతిలో ఉన్న 90,000తో కలిసి 1,80,000. అప్పు లేకుండా వెళ్లి రావచ్చు. అదే డిసెంబర్‌లో ఈఎంఐతో వెళ్తే అన్నీ కలిపి 2,12,160. తేడా 38,560. దాచే డబ్బును ఆరు నెలల కోసం షేర్లలో, మ్యూచువల్ ఫండ్లలో తిప్పకండి. రికరింగ్ డిపాజిట్ చాలు, అదీ వద్దనుకుంటే వేరే సేవింగ్స్ ఖాతాలో పెట్టండి.

ఏప్రిల్‌లో లోటు లేదని చెప్పను. జలపాతాలు సన్నగా ఉంటాయి. మున్నార్ సుమారు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ హాయిగానే ఉంటుంది, తేయాకు తోటలు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి. నీలగిరి తార్‌లు అనే అడవి మేకలు పిల్లలు పెట్టే కాలమని ఎరవికుళం నేషనల్ పార్కును ఏటా ఫిబ్రవరి, మార్చిల్లో మూస్తారు, ఏప్రిల్‌కి మామూలుగా తెరుస్తారు. బుక్ చేసే ముందు ఒకసారి కనుక్కోండి. అలెప్పీలో మాత్రం ఉక్కపోత ఖాయం. కేరళ బడులకూ అప్పుడు వేసవి సెలవులే, వారాంతాల్లో మున్నార్ ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. మీ మున్నార్ రాత్రులు సోమ, మంగళవారాలు పడేలా చూసుకోండి, గదుల ధర కూడా దిగుతుంది. జూన్‌లో ఇంకా చవక కదా అని ఎవరైనా చెబుతారు. నైరుతి రుతుపవనాలు జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకుతాయి, ఆ వానల్లో ఇడుక్కి కొండల్లో చరియలు విరిగిపడటం మామూలే. అరవై ఎనిమిదేళ్ల మనిషిని తీసుకుని ఆ చవకకు పోవద్దు.

గ్రూప్ టూర్ గురించి మీవారి మాట ఇద్దరే వెళ్లే జంటకైతే నిజం. కొటేషన్‌లో ఇన్నోవాకు ఆరు రోజులకు 33,000 వేశారు, టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా అందులోనే. ఇద్దరే వెళ్తే మనిషికి 16,500. మీరు ఆరుగురు కాబట్టి 5,500. గ్రూప్ టూర్‌లో సీటుకింత అని తీసుకుంటారు, ప్రైవేట్‌లో బండికింత. బండి నిండితే ప్రైవేట్ టూర్ విలాసమేమీ కాదు. పైగా కొచ్చి దగ్గరి ఆలువా స్టేషన్ నుంచి మున్నార్ దాదాపు 110 కిలోమీటర్లు, మలుపుల దారి, నాలుగు గంటలు పడుతుంది. ఏడేళ్ల పిల్లకు కడుపులో తిప్పితే గ్రూప్ బస్సు ఆపరు, మీ బండి ఆపుతారు. ఆరుగురు ఎక్కితే మూడో వరుస సీట్లూ వాడాలి, సామాను వెనక పట్టదు. పైన క్యారియర్ ఉన్న బండే పంపమని ముందే చెప్పండి.

హౌస్‌బోటు తీసేసి డబ్బు మిగిల్చుకోమని కొందరు చెబుతారు. సర్‌ఛార్జి పోయాక అది 22,000. నిజానికి ఆ పడవ మధ్యాహ్నం బయల్దేరి సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఒడ్డున కట్టేస్తుంది. ఆ తర్వాత జాలర్లు వలలు వేసుకుంటారు కాబట్టి తిప్పకూడదు. అంటే మీరు కొనేది నాలుగైదు గంటల ప్రయాణం, నీటి మీద ఒక రాత్రి. పగటిపూట మాత్రమే తిప్పే పడవ ఎక్కి, రాత్రి ఒడ్డున హోమ్‌స్టేలో పడుకుంటే ఖర్చు తగ్గుతుంది. ఇంకా తక్కువలో కావాలంటే కేరళ ప్రభుత్వ జల రవాణా శాఖ పడవలు అలెప్పీ నుంచి కొట్టాయం దాకా నడుస్తాయి, ఊళ్లోవాళ్లు రోజూ వెళ్లే పడవలే. అయినా పిల్లలు ఆశపడుతున్నది ఆ రాత్రికే అయితే ఉంచండి, నేను కొచ్చి హోటల్ స్థాయి తగ్గిస్తాను. ఆ రాత్రి తిరిగి వచ్చి పడుకోవడమే కదా. ఒక్కటి మాత్రం చూడండి. మీ కొటేషన్‌లో హౌస్‌బోటు ఏసీ రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకే అని ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం అలెప్పీలో పెద్దవాళ్లకు ఇబ్బంది. రోజంతా ఏసీ ఇవ్వడానికి ఎంతో అడిగి రాయించుకోండి.

కొటేషన్‌లో నాకు అసలు నచ్చనిది హోటళ్ల దగ్గర 'లేదా అదే స్థాయి హోటల్' అన్న మాట. మున్నార్ అని చెప్పి చిన్నకనాల్‌లోనో ఆనచ్చాల్‌లోనో గది ఇస్తారు. అవి మంచి చోట్లే, కానీ ఊరికి దూరం. మీ 1,62,000లో కారు, హౌస్‌బోటు పోగా 1,01,000 ఈ నాలుగు రాత్రుల గదులకూ, ఏజెన్సీ లాభానికీ, జీఎస్టీకీ పోతోంది. అంత డబ్బు ఇస్తున్నప్పుడు హోటల్ పేరు, గది రకం, అదనపు మంచం ఉందా లేదా కాగితం మీద ఉండాలి.

సగం డబ్బు బుకింగ్ అప్పుడే, మిగతాది నెల ముందే కట్టాలంటున్నారు. ఒప్పుకోకండి, బేరమాడండి. పావు వంతు అడ్వాన్సు, రైలు టికెట్లు ఖాయమై హోటల్ వోచర్లు చేతికొచ్చాక ఇంకో సగం, మిగిలింది మున్నార్ చేరాక. వోచర్ రాగానే హోటల్‌కు మీరే ఫోన్ చేసి మీ పేరు మీద గది ఉందో లేదో కనుక్కోండి. డబ్బు సంస్థ కరెంట్ ఖాతాకే పంపండి, ఎవరి సొంత ఫోన్ నంబర్‌కూ యూపీఐ చేయొద్దు. రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు ఎంత వెనక్కి ఇస్తారో మెయిల్‌లో తెప్పించుకోండి. మామగారి వయసు దృష్ట్యా ప్రయాణ బీమా తీసుకోవచ్చు, కానీ ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుందా అన్న షరతు చదవనిదే కట్టొద్దు.

రైలు విషయంలో రెండు మాటలు. సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చి నుంచి లేదు. పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీయే. మీ 20,000 అంచనా ఇవన్నీ కలిపే వేశారో లేదో ఒకసారి చూసుకోండి.

మీవారి జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉంటే, ఆయన పాత పన్ను విధానంలో ఉంటే, రైలు ఛార్జీల వరకు మినహాయింపు దొరుకుతుంది. అత్తమామలు ఆయన మీదే ఆధారపడి ఉంటే వాళ్ల టికెట్లు కూడా లెక్కలోకి వస్తాయి. హోటల్, హౌస్‌బోటు, ఇన్నోవా రావు. ఈ మినహాయింపును నాలుగేళ్ల బ్లాకుల చొప్పున లెక్కిస్తారు, 2026 నుంచి 2029 వరకు ఒక బ్లాక్, అందులో రెండు ప్రయాణాలకు అవకాశం. కొత్త పన్ను విధానంలో ఉంటే ఇది మర్చిపోండి.

తేక్కడిలో డ్రైవర్ మిమ్మల్ని ఏదో ఒక సుగంధ ద్రవ్యాల తోటకు తీసుకెళ్తారు. తోట చూడండి, పిల్లలకు మిరియాల తీగ, యాలకుల మొక్క చూపించండి, బాగుంటుంది. పక్కనే ఉన్న దుకాణంలో కొంటే చాలాచోట్ల డ్రైవర్‌కు కమీషన్ వెళ్తుంది, ఆ కమీషన్ మీ ధరలోనే ఉంటుంది. మీ అత్తగారికి యాలకులు కావాలంటే కుమళి బజారులో రెండు మూడు షాపుల్లో అడిగి కొనండి. డ్రైవర్‌కు ఇవ్వాలనుకున్నది ఆఖరి రోజు చేతికే ఇచ్చేయండి.