రిటైరైన దంపతులు శ్రీవారి సేవ చేయగలరా? మా ఏడు రోజుల అనుభవం

మీ అమ్మానాన్నలిద్దరూ రిటైరయ్యారని, తిరుమలలో శ్రీవారి సేవకు, అంటే కొండ మీద భక్తులకు స్వచ్ఛందంగా చేసే సేవకు, వెళ్లాలని వాళ్లకు ఉందని, ఆ వయసులో ఏడు రోజులు చేయగలరా, రోజు ఎలా గడుస్తుందని మీరు అడిగారు. మేమిద్దరం రాజమండ్రి నుంచి రెండేళ్ల కిందట ధనుర్మాసంలో వెళ్లొచ్చాం. అప్పటికి నాకు 56, మా వారికి 59. చేయగలరు. కాకపోతే వయోపరిమితి ఉంటుంది, దరఖాస్తు చేసేముందు అది చూసుకోండి. ఆన్‌లైన్‌లో కోటా విడుదలైన కాసేపటికే అయిపోతుంది కాబట్టి ఆ పని మీరే దగ్గరుండి చేసిపెట్టండి.

మాకెవరూ ముందు చెప్పని సంగతి ఒకటుంది. అక్కడ భార్యాభర్తలు కలిసి ఉండరు. ఆడవాళ్ల బస వేరు, మగవాళ్ల బస వేరు. హాల్లో అందరితో పాటే పడక. పెళ్లయిన ముప్పై మూడేళ్లలో మేము అన్ని రోజులు విడిగా ఉన్నది నా పురుళ్లప్పుడే. నేనేమో అలవాటుగా ఇద్దరి మందులూ ఒకే సంచిలో సర్దేశాను. మొదటి రోజు రాత్రి తొమ్మిదింటికి ఆయన ఫోన్ చేసి, "నా బీపీ మాత్ర నీ దగ్గరే ఉండిపోయింది" అన్నారు. ఆ చలిలో, మంచులో శాలువా కప్పుకుని వాళ్ల బస దాకా నడిచి, గుమ్మం దగ్గర ఆయన చేతికి మాత్రల షీటు ఇచ్చి వచ్చాను. చిన్న విషయమే, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈయన వేళకు మాత్ర వేసుకుంటారా, స్వెటర్ తొడుక్కుంటారా అని ఒకటే టెన్షన్. మీ నాన్నగారి మందులు ఆయన సంచిలోనే పెట్టించండి.

డ్యూటీ మనం కోరుకునేది కాదు, వాళ్లు వేసిందే చేయాలి. నాకు కూరగాయలు తరిగే పని పడింది. ఇంట్లో ఒక ఆనపకాయ కోసి ఇద్దరికి కూర వండుకునేదాన్ని. అక్కడ గుమ్మడికాయల గుట్ట ముందు కూర్చోబెట్టారు. మోకాళ్ల నొప్పి అని చెబితే కుర్చీ ఇచ్చారు, మొహమాటపడకుండా అడగాలి. నా పక్కన కర్ణాటక నుంచి వచ్చిన ఒకావిడ. ఆవిడకు తెలుగు రాదు, నాకు కన్నడం రాదు. అక్కడ సేవకులు ఒకరినొకరు "గోవిందా" అని పిలుచుకుంటారు. కత్తి కావాలన్నా గోవిందా, జరగమన్నా గోవిందా, మంచినీళ్లు తాగుతావా అన్నా గోవిందా. రెండు రోజులు ఆ ఒక్క మాటతోనే కలిసి పని చేశాం. ఎంత ముక్క కోయాలో ఆవిడే తన వేలి కణుపు చూపించి నేర్పింది. చేతులకు అంటిన గుమ్మడి జిగురు ఆరి, వేళ్ల మీద పొరలు పొరలుగా లేచేది.

మూడో రోజు నుంచి వడ్డన. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో నాలుగు పెద్ద హాళ్లున్నాయి, ఒక్కో దాంట్లో వెయ్యి మంది దాకా కూర్చుంటారు. ఆ భవనానికి ఆమె పేరు పెట్టడం నాకెంతో ఇష్టం. చిన్నతనంలోనే భర్త పోయి, ఎన్ని మాటలు పడ్డా స్వామినే నమ్ముకుని కొండ మీదే ఉండిపోయిన కవయిత్రి. "తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి" అని ఇప్పటికీ అంటారు. అక్కడ చట్నీ, చక్కెర పొంగలి, అన్నం, సాంబారు, రసం, మజ్జిగ ఒకదాని వెనుక ఒకటి వెళ్తుంటాయి. ఒక బంతి లేచేలోపే తలుపుల అవతల ఇంకో వెయ్యి మంది ఉంటారు. గుండు చేయించి గంధం రాసిన ఒక చంటిపిల్ల, తల్లి ఒళ్లో కూర్చుని, నేను వంగినప్పుడల్లా నా పొంగలి బకెట్ అంచు పట్టుకుని వదలలేదు. మళ్లీ కాస్త వేశాను. మళ్లీ పట్టుకుంది. వెనుక వాళ్లు "గోవిందా, కదలాలి" అంటున్నారు. ఆ పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విడిపించి ముందుకు వెళ్లాను. ఇప్పటికీ ఆ చిన్న వేళ్లు గుర్తొస్తాయి.

షిఫ్టు ఆరు గంటలు. నడుము, పాదాలు పట్టేస్తాయి, మొదటి మూడు రోజులు ఎక్కువ. నాలుగో రోజు నుంచి ఒళ్లు అలవాటు పడింది. నేల తడిగా ఉంటుంది, చెప్పుల్లేకుండా తిరగాలి, చూసుకుని నడవాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, వేళకు ఇన్సులిన్ తీసుకోవాల్సినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వెళ్లొద్దు.

మా వారికి వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో పడింది. కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి వేచి ఉన్నవాళ్లకు పాలు, నీళ్లు, ఉప్మా అందించడం. ఆయన హెడ్‌మాస్టర్‌గా చేశారు, ఆయన ముందు గొంతు పెంచి మాట్లాడినవాళ్లను నేను చూడలేదు. అక్కడ ఒక కుర్రాడు, "మమ్మల్ని ఎప్పుడు వదులుతారో చెప్పకుండా ఈ పాలు ఎందుకు" అని అందరి ముందూ అరిచాడట. ఆ కుర్రాడి భుజం మీద తలపెట్టి వాళ్లమ్మ పడుకుని ఉందట. ఈయన ఏమీ అనకుండా ముందు ఆవిడకు గ్లాసు ఇచ్చి, "ఇంకాసేపే గోవిందా" అన్నారట. ఇదంతా సాయంత్రం సత్సంగం అయ్యాక మేం కలుసుకునే అరగంటలో చెప్పారు. రోజూ ఆ అరగంటే మాకు దొరికేది. బయట మెట్ల మీద కూర్చుని, ఆయన తెచ్చిన టీ తాగుతూ, ఎవరి రోజు వాళ్లం చెప్పుకునేవాళ్లం. ఇంట్లో ఉంటే కరెంటు బిల్లు, పిల్లల ఫోన్లు తప్ప ఏం మాట్లాడుకుంటాం? అక్కడ ఒకరికి తెలియని రోజు ఇంకొకరి దగ్గర ఉండేది. మీ అమ్మానాన్నలకు వేరువేరు డ్యూటీలు పడితే బాధపడొద్దని చెప్పండి. ఆ వారం మాకు మిగిలిన గొప్ప సంగతి అదే.

గుళ్లో డ్యూటీ డిప్‌లో, అంటే లాటరీలో, పడాలి. ఆయనకు ఒక రోజు పడింది, నాకు పడలేదు. ఆ రోజు ఏడ్చాను, దాచను. ఆ సాయంత్రం ఆయన లోపల ఎక్కడ నిలబడిందీ, జనం ఎలా వస్తున్నదీ, హారతి వెలుగు ఎటు పడిందీ ఒక్కటీ వదలకుండా నా కోసం చెప్పారు. టీ చల్లారిపోయింది. సేవ ముగిశాక దర్శనం చేయిస్తారు. అప్పుడు ఇద్దరం కలిసే వెళ్లాం. ఉన్నది కొన్ని క్షణాలే. జయవిజయుల దాకా వచ్చేసరికి ఆయన నా చేయి పట్టుకున్నారు. బయట నలుగురిలో ఆయన ఎప్పుడూ అలా పట్టుకోరు.

ఇక బట్టలు. ఆడవాళ్లకు నారింజ రంగు చీర, మెరూన్ జాకెట్టు. మగవాళ్లకు తెల్ల బట్టలు. స్కార్ఫు అక్కడే ఇస్తారు. చలికాలంలో వెళ్తే మీ అమ్మగారిని రెండు చీరలు కాదు, మూడు పెట్టుకోమనండి. ఆ మంచుకు ఉతికిన చీర ఒక్క రోజులో ఆరదు.