ఆర్కిటిక్ చలికి ప్రైవేట్ జెట్‌లో ఇంధనం గడ్డకట్టదా?

జయపురం ఎయిర్‌పోర్టులో విమానం చూశాక మీకొచ్చిన సందేహం ఇదన్నారు. అంత తేలిగ్గా గడ్డకట్టదండీ. విమానాల్లో పోసే జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఆర్కిటిక్‌లోని నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌లో లాంగ్‌యియర్‌బైన్ అనే ఊరు 78వ ఉత్తర అక్షాంశం మీదున్నా, సముద్రం పక్కనే కాబట్టి మామూలుగా అంత చలి ఉండదు.

అసలు బెడద రెక్కల మీది మంచు. డిసెంబరు తెల్లారుజామున మన సెమిలిగుడలో జీపు టాపు మీద కనిపించే తెల్లటి పొర చూశారుగా, అంతమాత్రం ఉన్నా రెక్క విమానాన్ని సరిగా పైకెత్తలేదు. అందుకే బయల్దేరే ముందు వేడి గ్లైకాల్ ద్రవం కొట్టి కరిగిస్తారు. రాత్రంతా ఆరుబయట ఉంచాల్సొస్తే నీళ్ల ట్యాంకులు ఖాళీ చేస్తారు, చాలాసార్లు బ్యాటరీలు కూడా విప్పి వెచ్చటి గదిలో పెడతారు. ఇంత తతంగం కన్నా, దొరికితే హ్యాంగర్‌కి (విమానాలు నిలిపే షెడ్డుకి) అద్దె కట్టుకోవడమే నయం.