డూమ్ ఎటర్నల్‌లో తూటాలు చాలకపోతుంటే

రాక్షసులను కాల్చే వీడియో గేమ్ సిరీస్ డూమ్‌లో 2016 నాటి ఆటను హాయిగా పూర్తిచేసిన మీకు 2020లో వచ్చిన ఎటర్నల్‌లో ప్రతి పోరాటం మధ్యలోనూ తూటాలు అయిపోతున్నాయన్నారు. మీ గురిలో లోపం లేదు, ఆట పద్ధతే మారింది. పాత ఆటలో నచ్చిన తుపాకీతోనే చాలా దూరం నెట్టుకురావచ్చు. ఇక్కడ షాట్‌గన్‌కు మొదట్లో 16 తూటాలే పడతాయి.

అందుకని చైన్‌సాను (గొలుసు రంపం) ఆపద సమయానికి దాచుకోకండి. దాని ఇంధనంలో మొదటి గడి తనంతట తానే నిండుతుంది. చిన్న రాక్షసుణ్ని దానితో కోస్తే తూటాలు రాలతాయి. మంట చిమ్మి కాలుతున్నవాణ్ని కొడితే కవచం, గ్లోరీ కిల్ (తూలుతున్న శత్రువును దగ్గరికెళ్లి ముగించే దెబ్బ) చేస్తే ప్రాణం. చిన్నవాళ్లను ముందే ఊడ్చేయకండి, మీకు సరఫరా వాళ్లే!

పెద్దవాళ్లకు తుపాకీ మార్చాలి. గాల్లో తేలే గుండ్రటి రాక్షసి కాకోడీమన్ నోరు తెరవగానే షాట్‌గన్ స్టిక్కీ బాంబు (అంటుకుని పేలేది) ఒక్కటి లోపలికి వేయండి. మింగి తూలిపోతుంది, వెంటనే గ్లోరీ కిల్. సాలీడులాంటి అరాక్నోట్రాన్‌కైతే పైనున్న తుపాకీని ముందు పగలగొట్టండి. ఈ పరుగుల లెక్కే నాకు సిరీస్ మొత్తంలో ఎక్కువ ఇష్టం.

ఇదే సిరీస్‌లో 2025 నాటి ది డార్క్ ఏజెస్‌కు వెళ్తే మళ్లీ సర్దుకోవాలి. అక్కడ డాలు పట్టి నిలబడి, ఆకుపచ్చ గుండ్లను తిప్పికొట్టాలి.