ఉత్తరం జారాకే మాట

చిరంజీవి లక్కీకి, బాబాయ్ దీవెనలు.

నువ్వు రెన్‌పైలో (బొమ్మలు, డైలాగులతో కథల ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) చేసిన కథ ఆడాను. తలుపు కిందినుంచి ఉత్తరం లోపలికి జారే సీను దాకా బాగా లాక్కొచ్చావు. తీరా అక్కడ వాన కురుస్తోంది, దీపం రెపరెపలాడుతోంది, చంద్రుడు పైకొస్తున్నాడు. వానలో చంద్రుడేమిటే? ఆ సందట్లో ఉత్తరం ఎప్పుడొచ్చిందో నేను చూడనేలేదు. కింద డైలాగు చదువుకుంటున్నాను మరి.

రెన్‌పైలో ‘షో’ (బొమ్మని తెరమీదికి తెచ్చే ఆజ్ఞ) అనగానే బొమ్మ కదలడం మొదలవుతుందే గాని, స్క్రిప్టు దానికోసం ఆగదు. వెంటనే కింది లైనుకి పోయి డైలాగు చూపించేస్తుంది. చదివేవాడి కన్ను అక్షరాల మీదికి పోతుంది, పాపం ఉత్తరం ఎవరూ చూడకుండానే వచ్చి పడుతుంది. అందుకని షో కింద ‘పాజ్ 0.8’ పెట్టు. 0.6 సెకన్లలో ఉత్తరం జారాలి, మిగతా 0.2 ఊరికే పడి ఉండాలి. అప్పుడు "ఎవరక్కడ?" అనిపించు. క్లిక్ చేసినా దాటనివ్వని హార్డ్ పాజ్ జోలికి మాత్రం పోకు. రెండోసారి ఆడేవాళ్లు తిట్టుకుంటారు.

జారడానికి ‘లీనియర్’ వాడావు. అది మొదటినుంచి చివరిదాకా ఒకే వేగం, లిఫ్టు తలుపులాగా. నేలమీద తోసిన కాగితం జోరుగా వచ్చి, మెల్లబడి ఆగుతుంది. దానికి ‘ఈజిన్’ కావాలి. సీఎస్‌ఎస్ (వెబ్ పేజీల అలంకరణ భాష) అలవాటుతో ‘ఈజౌట్’ అనేవు, రెన్‌పైలో ఆ రెండూ తారుమారు.

ఎక్స్‌పాస్ (బొమ్మ అడ్డంగా ఎక్కడుండాలో చెప్పే విలువ) దగ్గర చుక్క మరిచిపోకు. 1.0 అంటే తెర కుడి అంచు, ఒట్టి 1 అంటే ఎడమనుంచి ఒక్క పిక్సెల్. బొమ్మ మాయమైందని గంటసేపు ఫైల్ పేరు వెతుక్కున్నవాణ్ణి చెప్తున్నా.

ఇంకోటి, ఇది నాకు పరువు తీసింది. ఒక దయ్యం బొమ్మని ఆల్ఫా (బొమ్మ ఎంత కనబడాలో చెప్పే విలువ; 0 అంటే కనబడదు, 1 అంటే పూర్తిగా) 0 నుంచి 1కి రెండు సెకన్లలో తెప్పించి, తర్వాతి లైన్లో పక్కకి జరిపాను. నేను నింపాదిగా క్లిక్ చేస్తే అంతా బాగుంది. మా పక్కింటి కుర్రాడు టకటకా నొక్కాడు. రావడం సగంలో ఉండగానే జరగడం మొదలైంది. కొత్త ట్రాన్స్‌ఫార్మ్‌లో (అంటే బొమ్మ ఎలా కదలాలో చెప్పే కోడ్ ముక్కలో) ఆల్ఫా ఊసే లేదు కాబట్టి పాతదాని విలువే దానికి సంక్రమించింది. సీనంతా సగం కనబడే దయ్యమే! వాడేమో అదే నా గొప్పతనమనుకున్నాడు. అప్పటినుంచి జరిపే ట్రాన్స్‌ఫార్మ్ మొదట్లోనే ‘ఆల్ఫా 1.0’ రాసుకుంటున్నాను. నువ్వూ రాయి, రాశాక ఒకసారి టకటకా నొక్కి చూడు.

దీపం రెపరెపల్ని మళ్లీ మళ్లీ ఆడించే ‘రిపీట్’లోనే ఉండనీ, కానీ ఆల్ఫా 0.85కీ 1.0కీ మధ్య చాలు. నువ్వు 0.3 దాకా దించావు, కరెంటు పోయి వస్తున్నట్టుంది.

సరిచేసి మళ్లీ పంపు. వాన తీస్తావో చంద్రుణ్ణి తీస్తావో నీ ఇష్టం.

మీ బాబాయ్