పాత మిద్దెను బాగు చేయించాలా, కూల్చి కట్టాలా?

ప్రశ్న: మా వారి తాతగారు కట్టించిన మట్టి మిద్దెలో ఉంటున్నాం. ముందు మూడు అర్రలు, రెండడుగుల మందం రాతి గోడలు, మట్టితో కట్టినవి. పైన టేకు దూలాలు. వెనుక వంటగది, బాత్రూం 1993లో స్లాబు వేసి కట్టుకున్నాం. నాలుగైదేళ్ళుగా వానాకాలంలో మిద్దె రెండు చోట్ల కురుస్తున్నది. పడమటి గోడ మా బావగారి ఇంటికీ మాకూ ఉమ్మడి. జాగా 180 గజాలు. మా వారు ఇటీవల రిటైరయ్యారు. చేతిలో 16 లక్షలున్నాయి. కూల్చి కట్టడానికి 30 లక్షలవుతుందని, మట్టి గోడల మీద పెట్టే డబ్బు బూడిదలో పోసిన పన్నీరేనని మేస్త్రీ అంటున్నాడు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయిదీ అదే మాట. వాడికి పైన రెండు గదులు కావాలట. మా అత్తమ్మ మాత్రం కూల్చనివ్వనంటున్నది. ఏం చేయమంటారు? — ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, మిద్దె కురుస్తున్న సంగతి రాశారు గాని, గోడలకు పగుళ్ళున్నాయో లేదో రాయలేదు. కప్పు ఎంత పాడైనా మార్చుకోవచ్చు. గోడ, దాని కింది పునాది చెడిపోతే మాత్రం మీ మేస్త్రీ చెప్పిందే నిజమవుతుంది. కాబట్టి ముందు గోడలనే చూడాలి.

రెండడుగుల రాతి గోడ నిజానికి రెండు గోడల జంట. లోపలి ముఖానికొక వరుస, బయటి ముఖానికొక వరుస పెద్ద రాళ్ళు పేర్చి, నడుమ చిన్న రాళ్ళూ మట్టీ నింపుతారు. రెండు ముఖాలనూ కలిపి పట్టి ఉంచే పొడవాటి రాళ్ళు ప్రతి రెండడుగుల ఎత్తుకూ, నాలుగడుగుల దూరానికీ ఒకటి చొప్పున ఉండాలి. అవి లేకపోతే, పైనుంచి నీళ్ళు దిగిన చోట నడిమి మట్టి జారిపోయి, బయటి వరుస మెల్లగా కడుపు వచ్చినట్టు ఉబ్బుతుంది. మిద్దె కురిసే ఆ రెండు చోట్లా గోడ పైనుంచి గుండు దారం వేలాడదీసి, దారానికీ గోడకూ మధ్య దూరం పైనా, నడుమా, కిందా కొలిపించండి. తర్వాత చిన్న సుత్తితో కొట్టి చూడండి. గట్టి గోడ ఖంగుమంటుంది, లోపల బోలుపడిన చోట బొదబొదమంటుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు ఉంటే పునాది కుంగిందేమోనని అనుమానించాలి. రెండు గోడలు కలిసే మూలలో నిలువు పగులు ఉంటే ఆ గోడలు విడిపోతున్నట్టు. అలాంటి పగులు మీద సన్నటి గాజు పలకను రెండు కొసలా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాసిపెట్టండి. ఒక వానాకాలం గడిచినా పలక విరగకపోతే అది పాత పగులు, పూడ్చుకుంటే సరిపోతుంది. విరిగితే గోడ ఇంకా కదులుతున్నదన్నమాట.

పునాది చూడడానికి ఒక మూలన రెండడుగుల చదరం గుంత తవ్విస్తే చాలు. గోడ పొడవునా తవ్వించవద్దు. మీ ప్రాంతంలో చాలాచోట్ల చెల్క నేల (తేలికపాటి ఎర్ర ఇసుక నేల) కింద కొద్ది లోతులోనే మొరమో బండో తగులుతుంది. పునాది దాని మీద నిలిచి ఉంటే మీరు సగం గెలిచినట్టే.

ఇక మిద్దె. చాలా ఇళ్ళలో కురిసినప్పుడల్లా పాత మట్టిని తీయకుండా పైన కొత్త చవుడు (మిద్దె మీద పరిచే చౌటి మన్ను) పోసుకుంటూ పోతారు. అరడుగు మట్టి చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు తూగుతుంది. తొమ్మిదంగుళాలకు చేరిందంటే ఐదంగుళాల కాంక్రీటు స్లాబు కన్నా ఎక్కువ బరువు ఆ దూలాల మీద ఉన్నట్టే. దూలం నడుమ నిగనిగలాడుతున్నా, గోడలో దూరిన కొసలు ముందు పుచ్చుతాయి, చెదలూ అక్కడే చేరుతుంది. ఆ కొసల దగ్గర స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. అరంగుళం సులువుగా దిగితే ఆ దూలం మార్చాల్సిందే. గోడలు బాగుంటే మట్టి మొత్తం దించి, చెడిన కర్ర మార్చి, నీళ్ళు దిగకుండా పొర వేయించి పలుచగా మట్టి కప్పుకోవచ్చు. లేదా ఇనుప చట్రం మీద బంగళా పెంకులు వేసుకోవచ్చు; వాటి బరువు ఇప్పటి మిద్దెలో మూడో వంతు కూడా ఉండదు. అయితే 45 డిగ్రీలు చూసే ఊళ్ళలో మట్టి మిద్దె ఇచ్చే చల్లదనం పెంకుల కింద ఉండదు, కింద పలకల సీలింగు తప్పదు. ఏది చేసినా మట్టితో కట్టిన గోడల మీద కాంక్రీటు స్లాబు మాత్రం వేయించవద్దు. ఆ గోడలకు సిమెంటు ప్లాస్టరింగు కూడా వద్దు. లోపలి చెమ్మ బయటికి ఆరే దారి మూసుకుపోయి, ప్లాస్టరు పెచ్చులూడుతుంది, గోడ లోపల్లోపలే మెత్తబడుతుంది. సున్నపు పూత చేయగలిగిన పనివాళ్ళు తక్కువైనారు గాని, వెతికితే దొరుకుతారు.

మీరంతా పాత అర్రల గురించి వాదించుకుంటున్నారు గాని, నాకు అనుమానమంతా 1993 నాటి స్లాబు మీదనే. వంటగది పైకప్పులో గోధుమ రంగు గీతలు, పెచ్చులూడి బయటపడిన చువ్వలు కనిపిస్తున్నాయా? తుప్పు పట్టిన ఇనుము రెండింతలకు పైగా ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. పైన సిమెంటు పూసినంత మాత్రాన అది ఆగదు. చువ్వలు సన్నబడి ఉంటే ఆ వెనుక భాగాన్నే కూల్చండి. అక్కడ సొంత పునాదులతో పిల్లర్లు లేపి, కింద వంటగది, బాత్రూం, పైన మీ అబ్బాయికి రెండు గదులు కట్టుకోవచ్చు. కొత్త కట్టడం పాత గోడ మీద ఎక్కడా ఆనకుండా, నడుమ అంగుళం సందు వదలమనండి. అత్తమ్మగారి అర్రలు అలాగే ఉంటాయి, ఖర్చూ మీ చేతిలోని డబ్బుకు అందుబాటులో ఉంటుంది.

మరమ్మతు అంచనా కొత్త కట్టడపు ఖర్చులో సగం దాటితే నేనూ కూల్చమనే అంటాను. అంచనా రాయించేటప్పుడు మరో పాతిక శాతం పక్కన పెట్టుకోండి, ఎందుకంటే మట్టి దించాక గాని కొన్ని లోపాలు బయటపడవు. అలాగే మేస్త్రీ చెప్పిన 30 లక్షల్లో మట్టి ఎత్తిపోత, సంపు, గేటు, కట్టినన్నాళ్ళ అద్దె ఉన్నాయో లేదో అడగండి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు రాసిచ్చిన అంచనా అయితే మళ్ళీ రాయించండి. పైగా మొత్తం కూల్చి మున్సిపాలిటీ అనుమతితో కట్టేటప్పుడు ముందూ పక్కలా జాగా వదలాలి, వీధి ఇరుకైతే విస్తరణకూ కొంత పోతుంది. గోడ నుంచి గోడ దాకా ఉన్న ఇప్పటి అర్రలు అంత వెడల్పున మళ్ళీ రావు.

ఉమ్మడి గోడను ముట్టుకునే ముందు మీ బావగారితో కాగితం రాసుకోండి. ఆయన దూలాలు కూడా ఆ గోడ మీదే ఆని ఉంటాయి. ఇంటి పన్ను రసీదు ఇంకా పెద్దల పేరునే ఉంటే, ఏ పనికైనా ముందు పంపకాల కాగితాలు చూసుకోవాలి; బ్యాంకు అప్పుకు మొదట అడిగేది అదే. కప్పు విప్పే పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి, మృగశిరకు ముందే మూసేయాలి.

ప్రశ్న: మాది అలంపూర్ దగ్గర పల్లె, నల్లరేగడి నేల. పిల్లర్లు లేని ఇటుక గోడల ఇల్లు. ఎండాకాలం పగుళ్ళు తెరుచుకుంటాయి, వానలకు మళ్ళీ దగ్గరవుతాయి. కూల్చేయమంటారా? — ఒక పాఠకుడు

జవాబు: తొందరపడకండి. రేగడి ఎండితే ముడుచుకుంటుంది, తడిస్తే ఉబ్బుతుంది, లోతు లేని పునాది దానితో పాటే కదులుతుంది. అదే లోతున కొత్త ఇల్లు కట్టినా అవే పగుళ్ళు వస్తాయి. ముందుగా ఇంటి చుట్టూ మూడడుగుల గచ్చు వేయించి, చూరు నీళ్ళు, స్నానపు నీళ్ళు దూరంగా పోయేలా చేయండి. గోడ పక్కన కొత్తగా పెద్ద చెట్లు పెట్టవద్దు. ఎండాకాలంలో వెడల్పయిన పగుళ్ళలో సిమెంటు కుక్కకండి; వానలకు నేల ఉబ్బినప్పుడు ఆ సిమెంటే గోడను నెడుతుంది. ఇంత చేసినా రెండేళ్ళలో పగుళ్ళు పెరుగుతూనే ఉంటే అప్పుడు కూల్చండి. కొత్త ఇంటికి మాత్రం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే రూపొందించిన, అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదులు (నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) వేయించండి. లోతైన రేగడిలో ఇవి సుమారు మూడున్నర మీటర్ల వరకు, అంటే కాలంతో పాటు తేమ మారని పొర దాకా దిగాలి. ఈ పని తెలిసిన ఇంజనీరుతో డ్రాయింగు గీయించుకున్నాకే మేస్త్రీని పిలవండి.